లంగరు గుండీల కోటు

విశాఖపట్నంలో ఏ నాయకుడి ఇంటి ముందుగదిలో కూర్చున్నా ఎదురుగా గోడ మీద కన్నబాబు తీసిన ఫోటో ఒకటి కనిపిస్తుంది. నాయకుడు జెండా తాడు లాగుతుంటాడు. లేకపోతే యుద్ధనౌక ముందు నడుం మీద చెయ్యేసుకుని, ఆ నౌకకి రేకులన్నీ తానే బిగించినట్టు నిలబడి ఉంటాడు. లేకపోతే ఎవరో ముసలమ్మ బుగ్గలు నిమురుతుంటాడు. ఈ మనిషి ఎవరో తనకి తెలియదని ముసలమ్మ మొహం చెబుతూనే ఉంటుంది, కానీ ఆ ఫోటోలో ముసలమ్మని చూసేవాడెవడు? 2006లో బీచ్ ఎదుట సముద్రంలో నౌకలన్నీ వరస కట్టిన రోజున కన్నబాబు మెడలో మూడు పాసులు వేలాడాయి. అతన్ని ఆపే సెంట్రీ ఊళ్లో లేడు. దేశభక్తిని ఏ మూల నుంచి తీస్తే నిండుగా వస్తుందో అతనికి తెలిసినంతగా మరొకరికి తెలియదని పత్రికల వాళ్లే ఒప్పుకుంటారు.

ఆ పాసుల్లో మొదటిది ఎలా వచ్చిందన్నదే ఈ కథ. వినడానికి అంత గొప్పగా ఉండదు.

కన్నబాబు నీలమ్మపేటలో జాలరి ఇంట్లో పుట్టాడు. ఆ పేట వాళ్లందరికీ సముద్రం అన్నం పెడితే అతనికి మాత్రం వాంతులు పెట్టింది. పదహారేళ్లప్పుడు తండ్రి తెప్ప ఎక్కిస్తే, ఒడ్డు మీది ఇళ్లు ఇంకా కనబడుతుండగానే పేగులు తోడినట్టు కక్కుకుని వల మీద అడ్డంగా పడుకున్నాడు. మూడుసార్లు ఎక్కించారు, మూడుసార్లు మోసుకొచ్చి ఇసకలో పడేశారు. ఆడవాళ్లు చేపల గంపలు దించి మరీ నవ్వారు. తండ్రి సిగ్గుతో నాలుగు రోజులు గడప దాటలేదు. అప్పుడు అక్క చిట్టమ్మ మొగుడు నూకరాజు మామగారి ముందుకొచ్చి నిలబడ్డాడు. "ఆడికి సముద్రం పడదు మావా, ఒగ్గెయ్. ఆడి పాలు కూడా నాను లాగుతాను" అన్నాడు. అని ఊరుకోలేదు, మర్నాటి నుంచి మామగారి తెప్ప ఎక్కాడు. కన్నబాబు ఒడ్డున బతకగలిగాడంటే నూకరాజు నీళ్ల మీద బతకడం వల్లే. ఆ మాట నూకరాజు ఆ తర్వాత ఒక్కసారి కూడా ఎత్తలేదు. వరసకి ఒకడు బావ, ఒకడు బావమరిది. పిలుచుకోవడం మాత్రం ఇద్దరూ బావా అనే.

కూర్మన్నపాలెం జంక్షన్లో ఒక స్టూడియోలో కన్నబాబు పని నేర్చుకున్నాడు. స్టీలు ప్లాంటులో ఉద్యోగాలొచ్చి గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి దిగిన కుటుంబాలు అక్కడికి వచ్చేవి. కొత్త స్కూటరు ముందు ఒక ఫోటో, కొత్త ఫ్రిజ్ పక్కన ఒక ఫోటో తీయించుకుని ఊరికి పంపేవి. మనిషి ఎలా ఉన్నాడన్నది ఎవరికీ అక్కర్లేదని, ఎలా కనబడాలనుకుంటున్నాడో అదే తియ్యాలని అతను అక్కడ నేర్చుకున్నాడు. తర్వాత అన్నం పెట్టిందంతా ఆ ఒక్క పాఠమే. పేటకి తిరిగొచ్చి తల్లి పేరు మీద గంగాలమ్మ ఫోటో స్టూడియో పెట్టాడు. తొంభై ఒకటి నుంచి కోస్తా గళం అనే పత్రికకి ఫోటోకి ఇంతని చొప్పున తీసిచ్చే పనిలో కూడా చేరాడు.

ఆ పనిలో తొందరగా పేరు తెచ్చుకున్నాడు. నలభై మంది వచ్చిన సభని నాలుగు వేల మంది సభ చెయ్యడం అతని ప్రత్యేకత. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ముందు ఒక జెండా కొస ఊగేలా చూసుకుని, నాలుగు తలకాయల వెనక నుంచి తీసేవాడు. ఆ నాలుగు తలకాయల అవతల సముద్రమే ఉందో, జనసముద్రమే ఉందో చూసేవాడికి తెలియదు. నాయకులు అతను వచ్చేదాకా రిబ్బను కత్తిరించేవారు కాదు. పూలదండ ఒకసారి పడ్డాక, కన్నబాబు తల అడ్డంగా ఊపితే తీసి మళ్లీ వేయించుకునేవారు. అమరవీరుడి పటం ముందు రెండు చేతులూ జోడిస్తే మొహం కప్పబడిపోతుందని, ఒక చెయ్యి గుండె మీద పెట్టుకోమని అతనే నేర్పాడు. ఇప్పటికీ ఊళ్లో నాయకులు అలాగే సంతాపం చెబుతున్నారు.

ఇక కోటు సంగతి. పాసుపోర్టు సైజు ఫోటోలకి వచ్చేవాళ్ల కోసం ప్రతి స్టూడియోలోనూ ఒక కోటు తగిలించి ఉంచేవారు. కన్నబాబు తొంభై మూడులో పూర్ణా మార్కెట్ దగ్గర పాతబట్టల గుట్టలోంచి ఒకటి ఏరుకొచ్చాడు. ముదురు నీలం రంగు, రెండు వరసల బంగారు రంగు గుండీలు, ఒక్కో గుండీ మీద లంగరు బొమ్మ. ఎవరో నేవీ ఆఫీసరు రిటైరై ఊరు మారుతూ వదిలేసింది అయ్యుంటుంది. కన్నబాబు వెనక వీపు పొడవునా చీల్చి నాడాలు కుట్టించాడు. ఇప్పుడు అది బక్కవాడికీ పడుతుంది, బొజ్జవాడికీ పడుతుంది. ముందు నుంచి చూస్తే ఆఫీసరు, వెనక నుంచి చూస్తే బనీను. ఫోటో ఎలాగూ ముందు నుంచే తీస్తారు.

తొంభై ఎనిమిదిలో, సముద్రం మీదకి పోయే ప్రతి మనిషి దగ్గరా ఫోటో ఉన్న గుర్తింపు కార్డు ఉండాలని ఉత్తర్వు వచ్చింది. నీలమ్మపేట సంఘానికి కార్డులు చేయించే ఘనత భీమశంకరరావు తన మీద వేసుకున్నాడు. ఈ భీమశంకరరావు వచ్చే ఎన్నికల్లో టికెట్టు ఆశిస్తున్న నగర నాయకుడు. చేపని పళ్లెంలో తప్ప ఎక్కడా చూడని మనిషి. ఫోటోల పని కన్నబాబుకి ఇప్పించాడు. మొదట వచ్చింది నూకరాజే. కుర్చీలో కూర్చుని చుట్టూ చూసి, "బావా, ఆ కోటేసి తియ్యి. కార్డు మీదైనా ఆఫీసరులాగుంతాను" అన్నాడు. కింద లుంగీ, పైన లంగరు గుండీలు. అద్దంలో చూసుకుని పడీపడీ నవ్వాడు. ఆ కబురు గంటలో పేటంతా పాకింది. ఇంకెవడూ కోటు లేకుండా కూర్చోనన్నాడు. మూడు రోజుల్లో రెండు వందల పన్నెండు మంది ఒకే కోటు తొడుక్కుని లేచారు. ఆఖరు రోజుకి ఆ కోటు ఎండుచేపల బుట్టలా కంపు కొట్టింది.

కార్డులు తయారయ్యాయి. ముందు వైపు మనిషి ఫోటో, పేరు. వెనక వైపు, కార్డు నిండుగా, చేతులు జోడించిన భీమశంకరరావు. కింద "మత్స్యకారుల ఆశాజ్యోతి" అని అక్షరాలు. ఆ వెనక బొమ్మ కూడా కన్నబాబు తీసిందే. జాలర్లు కార్డుల్ని ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి మొలకి కట్టుకుని సముద్రం మీదకి పోయేవారు. అలా భీమశంకరరావు రోజూ రెండు వందల పన్నెండు మంది నడుముల దగ్గర ఊరేగుతూ చేపలవేటకి వెళ్లివచ్చేవాడు.

తొంభై తొమ్మిది జూలై వచ్చింది. సరిహద్దులో యుద్ధం జరుగుతోంది, ఊళ్లో దేశభక్తి జరుగుతోంది. టీకొట్టు వాడు కూడా దుకాణం మీద జెండా కట్టాడు. భీమశంకరరావు రోజుకొక ఊరేగింపు తీసేవాడు, కన్నబాబు రోజుకొక ఊరేగింపుని పెద్దది చేసేవాడు. అలాంటి రోజుల్లో నూకరాజు, మరో ఇద్దరూ ఇంజను తెప్పలో వేటకెళ్లారు. నడిసముద్రంలో ఇంజను మొరాయించింది. గాలి వాళ్లని ఎవరూ పోకూడని చోటికి నెట్టుకుపోయింది. గస్తీ పడవ వచ్చి పట్టుకుంది. మొలల్లోంచి కార్డులు తీసి చూస్తే ముగ్గురు జాలర్లు, ఫోటోల్లో ముగ్గురి ఒంటి మీదా నేవీ కోట్లు. అంతకంటే ఏం కావాలి?

మర్నాడు భద్రత చూసే ఒక ఆఫీసులో పత్రికల వాళ్లని పిలిచారు. ఆ ఆఫీసు పేరు మనకెందుకు. జీడిపప్పు బిస్కట్లు పెట్టారు, టీ ఇచ్చారు. దేశానికి ప్రమాదం వచ్చినప్పుడు బిస్కట్లు ఎప్పుడూ బాగుంటాయి. ఆఫీసరు తెలుగు రాని మనిషి. అతని పక్కన, ఎవరు పిలిచారో తెలియదు, భీమశంకరరావు కూర్చున్నాడు. ముగ్గుర్ని తలల మీద నల్లగుడ్డ తొడుగులతో తీసుకొచ్చి నిలబెట్టారు. మారువేషంలో మన తీరానికి చేరిన అనుమానితులని చెప్పారు. దర్యాప్తు సాగుతోంది కాబట్టి పేర్లు చెప్పబోమని, కార్డుల్ని దగ్గర నుంచి తియ్యొద్దని అన్నారు.

కన్నబాబు కెమెరా కంటికి ఆనించుకుని ఫోకస్ తిప్పుతుంటే, బల్ల మీద పరిచిన కార్డుల్లోంచి తన కోటు తనకేసి చూసింది. నల్లగుడ్డ కింద భుజాలు చూశాడు. వల లాగీ లాగీ కుడి భుజం కిందకి వాలిన ఆ నిలబాటు అతనికి తెలియనిది కాదు. ఎవరి పాలు లాగి ఆ భుజం వాలిందో కూడా తెలుసు. ఒక్క మాట చాలు. సార్, ఆ కోటు నాది, ఆయన మా బావ. ఆ గదిలో నిలబడి అంత పొట్టి మాట చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

ఎందుకు రాలేదంటే, మరో పదిహేను రోజుల్లో అక్రిడిటేషన్ కార్డుల కమిటీ కూర్చోబోతోంది. ఇతను పత్రికల మనిషేనని సర్కారు ఒప్పుకుంటూ ఇచ్చే ఆ కార్డు కోసం కన్నబాబు ఎనిమిదేళ్లుగా చూస్తున్నాడు. సిఫారసు చేస్తానన్నది భీమశంకరరావు. ఇక్కడ నోరు తెరిస్తే కార్డు మాట దేవుడెరుగు, నేవీ కోటు నీ దగ్గర ఎందుకుందని తననే నాలుగోవాడిగా నిలబెడితే? ఒకటి రెండు రోజుల్లో వాళ్లకే తెలుస్తుంది, వాళ్లే వదిలేస్తారు అని తనకి తాను చెప్పుకున్నాడు. పిరికితనానికి ఎప్పుడూ ఒకటి రెండు రోజులే కావాలి. గొంతు సవరించుకుని, అందరికీ ఎప్పుడూ చెప్పేదే చెప్పాడు. "కొంచెం దగ్గరగా జరగండి. ఎడం పక్క మనిషి, తల ఎత్తాలి." నల్లగుడ్డ కింద తల మెల్లగా పైకి లేచింది. తర్వాత భీమశంకరరావుని ఒక కార్డు పైకెత్తి చూపించమన్నాడు, గడ్డానికి కొంచెం పక్కగా. భీమశంకరరావు ఎత్తాడు. కార్డు ముందు వైపు కెమెరాలకి, వెనక వైపు అతనికి. జానెడు దూరంలో తన మొహమే తనకి దణ్ణం పెడుతున్నా ఆ మహానుభావుడు చూసుకోలేదు. కెమెరా ఎదురుగా ఉన్నప్పుడు నాయకుడు మరోవైపు చూడడని అతనికి నేర్పింది కూడా కన్నబాబే.

మర్నాడు కోస్తా గళం మొదటి పేజీలో "నౌకాదళ దుస్తుల్లో ముగ్గురు అనుమానితులు" అని వచ్చింది. ఫోటోలో భీమశంకరరావు పులిలా ఉన్నాడు. కార్డు మాత్రం గోరంత మసి మరకలా అచ్చయింది. నీలమ్మపేటకి వచ్చేదే ఒక్క పత్రిక, అదీ టీకొట్టుకి. అక్కడ చదివి వినిపిస్తే విని, అలాంటివాళ్లని నడిరోడ్డు మీద ఉరి తియ్యాలని పేట మగవాళ్లు అన్నారు. తర్వాత తెప్పలు వేసుకుని నూకరాజు కోసం వెదకడానికి సముద్రం మీదకి వెళ్లారు.

పేటలో అందరూ తెప్ప మునిగిందనే అనుకున్నారు. చిట్టమ్మ ఒడ్డున కూర్చుంది. రోజూ పొద్దున్నే వెళ్లి కూర్చుని, చీకటి పడ్డాక ఎవరో లేపితే లేచి వచ్చేది. కన్నబాబు అనుకున్న ఒకటి రెండు రోజులు కాస్తా నాలుగయ్యాయి, ఆరయ్యాయి. అతను స్టూడియోలో కోటుని ఒక గోనెసంచిలో కుక్కి అటక మీద పడేశాడు. అక్కకి అన్నం తీసుకెళ్లేవాడు. ఆమె రెండు ముద్దలు తిని, నువ్వైనా ఉన్నావు అనేది. ఆ మాట విని కూడా ఊరుకున్నాడంటే ఆ మనిషిని ఏమనాలో నాకు తెలియదు. జాలి పడేవాళ్లు పడవచ్చు. నేను పడను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం చిట్టమ్మే స్టూడియోకి వచ్చింది. లోపలికి రాకుండా గడప మీద కూర్చుంది.

"పెద్దలు రేపు పొద్దున్న గాజులు తీసీమంతన్నారు" అంది. "శవం దొరకనోడికి తొమ్మిది రోజులకి మించి సూడరంట. నువ్వు పేపరోడివి గదా తమ్ముడా. ఎక్కడైనా ఏదైనా కబురు ఇన్నావేటి?"

కన్నబాబు ఆమె చేతుల వైపు చూశాడు. పెళ్లినాడు వేసుకున్నవి పగిలిపోతే ఒక్కొక్కటే కలుపుకుంటూ వచ్చిన రంగురంగుల మట్టిగాజులు, ఒక దానికి ఒకటి పొంతన లేదు. బతికున్న మొగుడికి రేపు ఈవిడ వాటిని పగలగొట్టుకుంటుంది, అది తనకి తెలుసు. అంతవరకు అతన్ని కదిలించనిది ఏదో అప్పుడు కదిలించింది. కానీ అప్పుడు కూడా నిజం చెప్పలేదు. "ఇప్పుడే ఎల్లి కనుక్కొని వత్తాను అక్కా. నాను వచ్చేదాకా ఎవులు సెప్పినా తియ్యొద్దు" అన్నాడు.

ముందు పత్రికాఫీసుకి పోయాడు. డెస్కు చూసే నరసింహమూర్తితో సంగతంతా చెప్పాడు. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి, కోపం ఎరగడు. కన్నబాబు చెప్పింది ఓపిగ్గా విని, చాలా మంచి కథ అన్నాడు. వెయ్యడానికి మాత్రం వీలు కాదన్నాడు. ఈ సమయంలో మనం రాసింది తప్పని మనమే రాసుకుంటే అది పత్రిక తప్పు కింద పోదని, దేశం తప్పు కింద పోతుందని మెత్తగా నచ్చజెప్పాడు. వచ్చేవారం కమిటీ ఉంది, గుర్తుందా అని కూడా అడిగాడు.

తర్వాత గోనెసంచి చంకలో పెట్టుకుని ఆ భద్రతాఫీసుకి పోయాడు. మూడు గంటలు బయట కూర్చోబెట్టి లోపలికి పిలిచారు. కన్నబాబు తనకొచ్చిన హిందీలో చెబుతూ కోటు తీసి, వెనక నాడాలు విప్పి చూపించాడు. ఆఫీసరు గుండీలు లెక్కపెట్టుకున్నాడు. అయితే రెండు వందల పన్నెండు మంది ఈ దుస్తులు వేసుకున్నారన్న మాట, అని కాగితం మీద రాసుకున్నాడు. ముగ్గురనుకున్న ముఠా రెండు వందల పన్నెండు మందికి పెరిగినందుకు అతని మొహం వెలిగింది. కోటు ఉంచేసుకుని రేపు మళ్లీ రమ్మన్నాడు. నిజం చెబితే ఏమవుతుందని కన్నబాబు భయపడ్డాడో అదంతా మొదలైంది, నూకరాజు విడుదల మాత్రం కాలేదు.

సాయంత్రానికి భీమశంకరరావు ఇంటికి చేరాడు. అక్కడ ముందుగది నిండా కన్నబాబే ఉన్నాడు, అంటే కన్నబాబు తీసిన భీమశంకరరావు ఉన్నాడు. కార్డు ఎత్తి చూపిస్తున్న కొత్త ఫోటోకి అప్పటికే చట్రం కట్టించారు. అది ఇంకో పాతిక కాపీలు కావాలని, టికెట్టు కోసం హైదరాబాదు తీసుకెళతానని భీమశంకరరావు మొదలెట్టాడు. కన్నబాబు బావ అని చెప్పాడు, అక్క అని చెప్పాడు, గాజులని చెప్పాడు. భీమశంకరరావు కళ్లు తుడుచుకున్నాడు. దేశం ముందు అక్కేమిటి చెల్లేమిటి అన్నాడు. ఒక చెయ్యి గుండె మీద ఉంది.

ఆ చెయ్యి చూశాక కన్నబాబుకి ఒళ్లు మండింది. పేటలో ఒకతని దగ్గర అడిగి తెచ్చుకున్న కార్డు జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆల దగ్గర దొరికినవి ఇయ్యే సార్. ఒక్కసారి ఎనక్కి తిప్పండి."

భీమశంకరరావు తిప్పాడు. చాలాసేపు చూశాడు. ఆ మొహం ఊళ్లో ప్రతి గోడ మీదా ఉంటుంది కాబట్టి చూసీ చూసీ ఎవరి కంటికీ ఆనడం మానేసింది. ఆఫీసరుకి తెలుగు రాదు కాబట్టి అదేదో దేవుడి పటం అనుకుని ఉంటాడు. కానీ అవతలి వర్గం వాడు ఎవడైనా ఒక్కడు ఆ కార్డు తిప్పితే? శత్రువుల గూఢచారుల కార్డు మీద టికెట్టు అడిగే మనిషి చేతులు జోడించి నవ్వుతున్నాడు, మత్స్యకారుల ఆశాజ్యోతి. భీమశంకరరావు చటుక్కున లేచాడు. లోపలికి వెళ్లి తలుపు వేసుకుని ఫోను తిప్పాడు. కోటు చెయ్యలేని పని, నిజం చెయ్యలేని పని, గాజులు చెయ్యలేని పని ఆ వెనక బొమ్మ అరగంటలో చేసింది. అతను బయటికొచ్చి, వాళ్లు అమాయకులని తనకి మొదటి నుంచీ అనుమానంగానే ఉందన్నాడు. సంఘానికి కొత్త కార్డులు చేయించాలని, పాతవన్నీ రేపే వెనక్కి తీసుకోమని చెప్పాడు. కమిటీ సంగతి తాను చూసుకుంటానని కూడా అన్నాడు.

కన్నబాబు పరుగున పేటకి వచ్చి, బావ బతికే ఉన్నాడని అక్కకి చెప్పాడు. ఈ మధ్యాహ్నమే కబురు తెలిసిందని, తెలిసిన దగ్గర్నుంచీ తిరగని ఆఫీసు లేదని, పట్టుకోని కాళ్లు లేవని చెప్పాడు. ఆఖరి రెండు ముక్కలూ అబద్ధం కావు. చిట్టమ్మ నేల మీద కూలబడి తమ్ముడి కాళ్లు చుట్టేసుకుంది. పేటంతా వచ్చి అతన్ని చూసి వెళ్లింది. సముద్రం పడని మనిషని నవ్విన ఆడవాళ్లే, వీడు సముద్రంలోంచి ముగ్గుర్ని లాగాడని చెప్పుకున్నారు. అతను వద్దనలేదు.

మర్నాడు మధ్యాహ్నానికి ముగ్గుర్నీ జీపులో తెచ్చి రోడ్డు మీద దింపి పోయారు. నూకరాజు చిక్కిపోయాడు. ఏమడిగినా రెండు మాటలకి మించి చెప్పలేదు. సముద్రం మీద అంత గలాటా చేసే మనిషి ఇంట్లో గోడకి చేరబడి కూర్చున్నాడు. కోస్తా గళం లోపలి పేజీలో, గేదెల సంత వార్త కింద, అనుమానితులని విచారించి వదిలేశారని మూడు లైన్లు వేసింది. మరుసటి వారం కమిటీ కూర్చుంది, కన్నబాబుకి అక్రిడిటేషన్ కార్డు వచ్చింది.

ఆగస్టు పదిహేనున భీమశంకరరావు నీలమ్మపేటలో సభ పెట్టాడు. ఆ ముగ్గురూ ఇప్పుడు తీరరక్షకులు. దర్యాప్తుకి తొమ్మిది రోజులు దేశభక్తితో సహకరించినందుకు శాలువాలు కప్పుతారు. కన్నబాబు కొత్త కార్డు మెడలో వేసుకుని వచ్చాడు. వేదిక పక్కన కుర్చీల్లో ముగ్గుర్నీ కూర్చోబెట్టి, భీమశంకరరావు వచ్చేలోగా సర్దుతున్నాడు. నూకరాజు దగ్గరికి వచ్చి కాలరు సరిచేశాడు. ఇంటికొచ్చాక ఇద్దరూ ఒంటరిగా మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

"బావా, నీకెప్పుడు తెలిసినాది, అందులో ఉన్నది నానని?" నూకరాజు మెల్లగా అడిగాడు.

"అక్క వచ్చి ఏడిసినరోజే బావా. తొమ్మిదో రోజు. తెలిసిన ఎంటనే పరిగెట్టినాను."

నూకరాజు అతని మొహంలోకి చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. వల పైకి లాగాక ఖాళీగా ఉంటే చూసే చూపు అది.

"ముసుగేసినారు గానీ సెవులు మూసీలేదు" అన్నాడు. "ఎడం పక్క మనిషి తల ఎత్తాల అన్నావు. నీ గొంతు ఇన్నాను. మా బావ వచ్చీసినాడు, ఇంకేటి బయం లేదనుకున్నాను. అందుకే తల ఎత్తినాను."

కన్నబాబు చెయ్యి కాలరు మీదే ఆగిపోయింది. ఏదో చెప్పబోయాడు. కమిటీ అని చెప్పాలా, కార్డు అని చెప్పాలా? ఈలోగా మైకులో జై అన్నారు, భీమశంకరరావు శాలువా విప్పుకుంటూ వస్తున్నాడు. నూకరాజు అతని చెయ్యి పట్టుకుని తన మెడ మీంచి తీసి, మర్యాదగా పక్కన పెట్టాడు.

"తియ్యండి ఫోటోగ్రాఫరు గారూ. ఎటు సూడమంతారు?"

కన్నబాబు ఎటు చూడాలో చెప్పాడు. శాలువా పడింది. అది సరిగా రాలేదని తీసి మళ్లీ వేయించాడు కూడా. ఎనిమిదేళ్ల అలవాటు.

నూకరాజు ఆ సంగతి పేటలో ఎవరికీ చెప్పలేదు, పెళ్లానికి కూడా చెప్పలేదు. కన్నబాబు ఇంటికొస్తే కుర్చీ వేస్తాడు, మంచి చేప పడితే పంపిస్తాడు, మాట్లాడితే మీరు అంటాడు. పండక్కి పిలవడానికి వచ్చినా వాకిట్లోనే నిలబడి, ఫోటోగ్రాఫరు గారున్నారా అని అడుగుతాడు. ఏడేళ్లుగా ఆ నోట బావా అన్న మాట మళ్లీ రాలేదు. పేటలో అందరూ దాన్ని గౌరవం అనుకున్నారు. ప్రాణం కాపాడిన మనిషి కదా, అలా పిలవడమే న్యాయమన్నారు. అందరికంటే చిట్టమ్మకి సంబరం. మెడలో మూడు పాసులతో నౌకల పండగ ఫోటోలు తీసి వచ్చిన రోజున కూడా, తమ్ముడికి అన్నం వడ్డిస్తూ, వాకిట్లో కూర్చుని వల బాగుచేసుకుంటున్న మొగుణ్ని చూసి ఆమె మురిసిపోయింది.

"సూసినావా తమ్ముడా" అంది. "అందరితోటీ గొడవలాడీ మనిషి. నిన్ను మాత్రం ఇప్పటికీ గారూ అనకండా పిలవడు."